చివరి చరణం వినకుండా పంపకండి

పండగ దగ్గరపడుతోందంటే ఈమధ్య నాకు గుబులు మొదలవుతోంది. ఖర్చుల సంగతి కాదు, ఫోన్ల సంగతి.

ఆమధ్య ఒక శ్రీరామనవమి నాడు జరిగింది చెబుతాను. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక వీడియో పడింది. ఇరవై సెకన్లు, అంతే. ఎవరో గాయకుడు భద్రాచల రామదాసు కీర్తన పాడుతున్నాడు. సరిగ్గా రాముణ్ణి నిలదీసే చోట మొదలై, అక్కడే తెగిపోయింది. రెండో అంతస్తులో ఇంటర్ చదివే కుర్రాడు దాని కింద "రాముడికి కూడా రికవరీ ఏజెంట్ల బాధ తప్పలేదు" అని రాసి నవ్వు బొమ్మ పెట్టాడు. గంటలో అరవై మెసేజీలు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపుకు పంపారు. అక్కడినుంచి మరో గ్రూపుకు. వాడి పేరేమిటి, ఏ ఫ్లాటు, తండ్రి ఎక్కడ పనిచేస్తాడు, అసలు వాళ్ళెవరు... సాయంత్రానికి ముక్కూ మొహం తెలియని ఇద్దరు గేటు దగ్గర నిలబడి ఆ కుర్రాణ్ణి కిందికి పిలవమన్నారు. వాచ్‌మన్ గట్టివాడు కాబట్టి సరిపోయింది. తండ్రి గ్రూపులో క్షమాపణ రాశాడు. తల్లి నాలుగు రోజులు పిల్లాణ్ణి గడప దాటనివ్వలేదు.

అన్నట్టు, ఆ పొద్దున్నే మా సెల్లారులో వేసిన పందిట్లో ఆడవాళ్ళు పాడిందీ ఆ కీర్తనే. మొత్తం పాడారు. ఒక్కరికీ కోపం రాలేదు. వడపప్పు తిని, పానకం తాగి ఇళ్లకు వెళ్లారు.

పొద్దున భక్తి అయినది సాయంత్రానికి అపచారం ఎలా అయింది? మధ్యలో పోయిందేమిటి? అమ్మా, అయ్యా, దయచేసి కాసేపు ఈ సంగతి వినండి. మీ ఇంట్లోనూ ఇంటర్ చదివే పిల్లవాడు ఉంటాడు. వాడి చేతిలోనూ ఫోన్ ఉంటుంది.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించాడని సుల్తాను తానీషా గోలకొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ళంటారు. ఆ చెరలో దెబ్బలు తింటూ పాడిన పాట అది. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణ భరత శత్రుఘ్నులకు ఏమేం పెట్టాడో, దేనికెంత పోశాడో పద్దు చదివినట్టు చదువుతాడు. తహసీల్దారు కదా, లెక్క మరవడు. ఇదంతా కన్నతండ్రి పెట్టాడా, పిల్లనిచ్చిన మామ పంపాడా అని దబాయిస్తాడు. నోరు జారతాడు. చివరి చరణానికొచ్చేసరికి కరిగి నీరైపోతాడు. తిట్టానని మనసులో పెట్టుకోవద్దు, దెబ్బలకు ఓర్చుకోలేక అనేశాను అంటాడు.

మా మేనత్త ఈ కీర్తన పాడుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నిలదీసేచోట గొంతు లేచేది, కళ్ళు పెద్దవయ్యేవి, దేవుడి పటం వైపు వేలు కూడా చూపించేది. చివరి చరణం దగ్గర గొంతు సగానికి పడిపోయేది. పాడుతూనే రెండు చెంపలూ వేసుకునేది. తిట్టింది రామదాసు, చెంపలేసుకునేది మా అత్త. ఆ చెంపలు వేసుకోవడం ఇరవై సెకన్ల ముక్కలో పట్టదు. కత్తిరించినవాడికి అది అక్కర్లేదు కూడా.

తెలుగులో దేవుణ్ణి దెప్పిపొడవడం ఒక పెద్ద శాఖ. నిందాస్తుతి అన్నారు దానికి. కాసుల పురుషోత్తమకవి కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు మీద ఒక శతకమంతా ఎత్తిపొడుపుతోనే నడిపించాడు. ఆ ఆంధ్రనాయక శతకంలోంచి ఏ పద్యం విడిగా పీకి స్టేటస్ పెట్టినా, పేరు తెలియనివాడు దాన్ని నాస్తికుడి తిట్టనుకుంటాడు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో మాట్లాడేది చాలాచోట్ల అన్నమయ్య కాదు, అలమేల్మంగ చెలికత్తె. ఆ సంగతి దాచిపెట్టి రెండు పాదాలు పెడితే చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. సూఫీల పాటల్లో మద్యం మద్యం కాదు. బైబిల్లోని పరమగీతంలో వధూవరుల సరసాన్ని యూదులూ క్రైస్తవులూ దేవుడికీ ఆయన ప్రజలకూ మధ్య ప్రేమగా చదువుకున్నారు. ఏ మతం వాళ్ళకైనా ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉంది. దాన్ని నడిబజారులో బోర్లించి, ఒక్క వస్తువు పైకెత్తి చూపించడం ఎవరికైనా చేతనవుతుంది. మన పెట్టెతో ఎవరైనా ఆ పని చేస్తే మనకెంత మండుతుందో, పక్కవాడికీ అంతే మండుతుంది.

మన పూర్వులకు ఫోన్లు లేవుగానీ ఈ జబ్బు తెలుసు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాస్తూ ఒక ప్రాకృత గాథ చూపించాడు. మన శాతవాహన హాలుడి గాథాసప్తశతిలోనూ ఉన్న గాథ అది. జరిగేది గోదావరి ఒడ్డున. ఒక భక్తుడు రోజూ పూలు కోసుకోవడానికి ఒక పొదరింటి వైపు వస్తుంటాడు. అది ఒకామె తన ప్రియుణ్ణి రహస్యంగా కలుసుకునే చోటు. ఆమె భక్తుడితో, అయ్యగారూ ఇక హాయిగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉండే సింహం చంపేసింది అంటుంది. మాట చూస్తే రమ్మని. అర్థం చూస్తే, ప్రాణం మీద ఆశ ఉంటే ఇటు రావద్దని. పైకి ఉన్న మాటకు సరిగ్గా వ్యతిరేకమైనది లోపల ఉంది.

మరి లోపలి అర్థం ఎలా తెలుస్తుంది? 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో లెక్కపెట్టి చెప్పాడు. అంటున్నదెవరు, ఎవరితో అంటున్నారు, ఏ గొంతుతో అంటున్నారు, పక్కన ఇంకెవరున్నారు, ఏ సందర్భం, ఏ చోటు, ఏ కాలం. గొంతులో ఆ విరుపుకు కాకువు అని పేరు. ఇప్పుడు మీ ఫోన్లోకి వచ్చిన ఫార్వర్డ్ చూడండి. అన్నదెవరో ఉండదు. ఎవరితో అన్నారో ఉండదు. గొంతు ఉండదు. సందర్భం కోసేశారు. చోటు, కాలం పోయాయి. అర్థానికి కావలసిన తాళాలన్నీ పారేసి, తలుపు మాత్రం మన చేతికిచ్చారు. అన్నిటికన్నా ప్రమాదం ఆ "పక్కన ఇంకెవరున్నారు" అన్నది. రెండు వందల యాభై మంది ఉన్న గ్రూపులో పక్కన ఎవరున్నారో మీకు తెలుసా? నాకు తెలియదు. మా కుర్రాడికీ తెలియలేదు.

చదువులేనివాళ్ళ బాధ ఇదని అనుకోకండి. 2019 డిసెంబరులో కాన్పూరు ఐఐటీలో విద్యార్థులు ఫైజ్ అహ్మద్ ఫైజ్ కవిత ఒకటి చదివారు. వీడియో బయటికి వచ్చింది. అందులో దేవుడి ఇంటినుంచి విగ్రహాలు ఎత్తేస్తారన్న మాట ఉంది, అల్లా పేరు ఉంది. ఇది హిందువులకు వ్యతిరేకమని ఫిర్యాదు వెళ్ళింది. విచారణకు కమిటీ వేశారు. ఆ కవిత ఎప్పటిది? 1979 నాటిది. ఎక్కడిది? పాకిస్తాన్‌ది. ఎవరి మీద? మతం పేరు చెప్పి సైనిక పాలన చేస్తున్న జియా ఉల్ హక్ మీద. ఆ విగ్రహాలు కాబాలోంచి తొలగించిన విగ్రహాల ప్రస్తావన. కవి వాటిని గద్దెనెక్కి కూర్చున్న నియంతలకు గుర్తుగా వాడాడు. కవిత అరబ్బీ శీర్షిక ఖురాన్‌లోని రహ్మాన్ అధ్యాయం నుంచి తీసుకున్నది. అందరూ నశించాక మిగిలేది దేవుడొక్కడే అన్న భావం అక్కడిది. చివర్లో మన్సూర్ హల్లాజ్ తలపుకు వస్తాడు. నేనే సత్యమన్నందుకు 922లో బాగ్దాదులో మరణశిక్ష పడిన సూఫీ. ఆ మాట వింటే మన అహం బ్రహ్మాస్మి గుర్తుకు రాదూ? లాహోరులో 1986లో గాయని ఇక్బాల్ బానో ఆ కవిత పాడినప్పుడు జనం నినాదాలతో ఊగిపోయింది అది ఎవరి మీద బాణమో తెలుసు కాబట్టే. అక్కడ పాలకుడికి తగిలిన బాణం, నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడ మన ఇరుగుపొరుగుకు తగిలినట్టు కనిపించింది. చదివిన పిల్లలకు ఇక్కడి చెవులు ఎలా వింటాయో తట్టలేదు. విన్నవాళ్ళకు అక్కడి కథ తెలియదు. ఇద్దరిలో ఎవర్నీ నేను దుర్మార్గులనను. మధ్యలో పది వాక్యాలు వివరించే మనిషి ఒకడు లేకపోయాడు.

కోర్టుల దాకా వెళ్ళినవీ ఉన్నాయి. 2025 జనవరిలో గుజరాత్‌లోని జామ్‌నగర్ పోలీసులు రాజ్యసభ సభ్యుడు, ఉర్దూ కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద కేసు పెట్టారు. వెనక ఒక కవిత వినిపించే వీడియోను ఆయన పోస్టు చేశాడు. అది వర్గాల మధ్య వైరం పెంచుతోందని ఫిర్యాదు. హైకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కవితకు మతంతో సంబంధం లేదనీ, అది చెబుతున్నది అహింసేననీ తేల్చింది. ఇలాంటి ఫిర్యాదుల్లో కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపాల్సిందని కూడా చెప్పింది. బాగానే ఉంది. కానీ ఆయన ఎంపీ. ఢిల్లీలో వకీళ్ళు దొరుకుతారు. మన వీధి కుర్రాడికి ఎవరు దొరుకుతారు? భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ప్రకారం మతభావాలను బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు. దురుద్దేశం లేదని చివరికి తేలవచ్చు. తేలేలోగా ఉద్యోగం, పెళ్ళి సంబంధం, పాస్‌పోర్టు ఏమవుతాయో కన్నవాళ్ళు ఆలోచించుకోవాలి.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా వినండి. 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. అక్కడ చదివే అధికారికి నిందాస్తుతి తెలియదు. యంత్రం అనువదించి ఇస్తే అసలే తెలియదు. 2017లో వెస్ట్ బ్యాంక్‌లో ఒక పాలస్తీనా కూలీ బుల్డోజరు పక్కన నిలబడి దిగిన ఫోటో పెట్టి అరబ్బీలో శుభోదయం అని రాశాడు. ఫేస్‌బుక్ అనువాదం దాన్ని హీబ్రూలో "వాళ్ళ మీద దాడి చేయండి" అని చూపించింది. ఇజ్రాయెల్ పోలీసులు పట్టుకుపోయి, తప్పు తెలిశాక కొన్ని గంటలకు వదిలిపెట్టారు. శుభోదయానికే ఆ గతి పడితే, రాముణ్ణి నిలదీసిన పాట ఏమవుతుందో చెప్పండి.

ఇంతవరకూ చెప్పింది ఉన్న పద్యానికి లేని అర్థం అంటించే సంగతి. దీనికి కవల జబ్బు ఇంకొకటి ఉంది. అసలు లేని పద్యాన్ని పుట్టించడం.

వేమన పేరు పెడితే నమ్మనివాళ్ళు లేరు. బ్రౌను దొర 1829లో అచ్చువేసినప్పుడు పద్యాలు 693. 1839 కూర్పులో 1164. ఇప్పుడు ఫోన్లలో తిరిగేవాటికి లెక్కే లేదు. మూడు పాదాలు ఎవరైనా అల్లి, నాలుగో పాదంలో మకుటం తగిలించవచ్చు. తోచినవాడు తోచిన కులాన్ని తిట్టి వేమన మీదికి నెట్టేస్తున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం విన్నాం, ఇక్కడ కోపం మనది, నోరు వేమనది. కాలజ్ఞానం పరిస్థితీ అంతే. 2020లో కరోనా రాగానే పోతులూరి వీరబ్రహ్మంగారు ముందే చెప్పారంటూ పద్యాలు ఊరూరా తిరిగాయి. ఎన్నికలొస్తే ఒకటి, వరదొస్తే ఒకటి, గొడవ జరిగితే ఆ గొడవ చేసినవాళ్ళ మతం పేరుతో ఒకటి. ఆ మహానుభావుడికి ముఖ్య శిష్యుడు సిద్దయ్య. దూదేకుల ముస్లిం. గురుశిష్యుల ఆ బంధం తెలిసినవాడెవడూ ఆయన పేరుతో ద్వేషం పంచలేడు.

ఇప్పుడు యంత్రాన్ని అడిగితే క్షణంలో పద్యం రాసిస్తుంది. ఫలానా శతకంలోది అని పుస్తకం పేరు కూడా ధీమాగా చెబుతుంది. కొద్దిగా ఛందస్సు వచ్చినవాళ్ళకు ఒక చిట్కా. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. వేలు మడిచి లెక్కపెట్టండి. దొంగపద్యాల్లో చాలావాటికి రెండో పాదంలోనే కాలు విరుగుతుంది. గణాలు సరిపోయినంత మాత్రాన అది వేమనదైపోదు, అదీ గుర్తుంచుకోండి. గణాలు రానివాళ్ళు మీ ఊరి తెలుగు మాస్టారికి చూపించండి. ఈమధ్య వాళ్ళను ఎవరూ ఏమీ అడగడం లేదు, సంతోషిస్తారు.

ఇక మూడోది. నాకు ఎక్కువ భయం దీనితోనే. పద్యం నిజమైనదే. కవి నిజమే. అర్థం కూడా అదే. పెట్టిన చోటు మాత్రం విషం. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో, దండెత్తి వచ్చిన తురక సైన్యాన్ని చూసి, చూస్తూ ఊరుకున్నావేమని స్వామిని దెప్పిపొడిచాడు. ఆ కోపం ఆనాటి దండు మీద, దానికి మించి అలిగింది స్వామి మీద. అదే పద్యాన్ని ఈరోజు మన సందు చివర ముస్లిం దర్జీ కొట్టు ఫోటో పక్కన పెట్టి, కింద ఒక్క ముక్కా రాయకుండా వదిలితే? అడిగితే, నేనేమన్నాను, శతకపద్యం పెట్టాను, భక్తి కూడా తప్పేనా అంటాడు. నర్మగర్భమనే మంచి మాటను ఇలాంటి పనికి వాడలేం. గోదావరి ఒడ్డున ఆ ఆడమనిషి తన ప్రేమను కాపాడుకోవడానికి మాట దాచింది. వీడు తన వేలిముద్ర దాచుకోవడానికి దాస్తున్నాడు.

ఇలాంటివి గుర్తుపట్టడం కష్టం కాదు. పద్యం పక్కన పద్యంతో పనిలేని మనిషి బొమ్మో, కొట్టు బొమ్మో, జెండా బొమ్మో ఉంటుంది. శతకం పేరు ఉండదు, ఉన్నా పద్యం సంఖ్య ఉండదు. "అసలైన హిందువైతే", "నిజమైన ముస్లిం అయితే", "క్రీస్తు బిడ్డవైతే" అని మొదలవుతుంది, పదిమందికి పంపమనడంతో ముగుస్తుంది. పాట అయితే పల్లవి ఉండదు, నడిమధ్య మొదలై నడిమధ్య తెగుతుంది. చదవగానే మీకు భక్తి కలగదు, ఒళ్ళు మండుతుంది. ఆ మంట కలిగిందంటే వేలు ఆపండి. పైన రెండు బాణాల గుర్తు ఉంటే ఇంకా గట్టిగా ఆపండి. అంటే అది అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లకు అమాయకుల్ని కొట్టి చంపిన తర్వాత, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే పంపేలా కట్టడి చేసింది. అలా చాలా చేతులు మారిన మెసేజీలను 2020లో ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. కంపెనీ కట్టిన కంచె అది. మన ఇంటి కంచె మనం కట్టుకోవద్దా?

గ్రూపు అడ్మిన్లూ, మీకు రెండు చేతులూ జోడించి చెబుతున్నాను. పండగ ముందు రోజు నుంచి నాలుగు రోజులు గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. ఎవరో మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. విలేకరి మిత్రులారా, భక్తికవి పాదం ఒకటి తీసి వీడియో మీద ఎర్రక్షరాల్లో శీర్షిక పెట్టే ముందు పాట చివరిదాకా ఒకసారి వినండి. అమ్మానాన్నలూ, పిల్లల్ని తిట్టకండి. వాళ్ళకు ఆ పాట చివరిదాకా మనం ఎన్నడూ పాడి వినిపించలేదు.

మా రెండో అంతస్తు కుర్రాడు ఐదో రోజు మా ఇంటికొచ్చాడు, తల దించుకుని. కీర్తన మొత్తం పెట్టి వినిపించాను. చివరి చరణం అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాతగారూ, ఈ ముక్క వాళ్ళెందుకు కోసేశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ రాత్రి మీ ఇంటి గ్రూపు ఒకసారి తెరిచి పైకి జరిపి చూడండి. సగం తెగిన పాటో, పేరులేని పద్యమో ఒకటి కనిపిస్తుంది. పంపింది మీ బాబాయో, వదినో, చిన్ననాటి స్నేహితుడో అయి ఉంటారు. కింద జవాబు రాయకండి. ఫోన్ చేయండి. ముందు బాగున్నారా అని అడగండి, పిల్లల చదువుల సంగతి అడగండి, ఆ తర్వాత పద్యం సంగతి ఎత్తండి. వాళ్ళకు మీ గొంతు వినపడాలి.